కార్లు వండే ఊరు

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా చూశామంటారు, న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం దగ్గర ఫోటో దిగామంటారు. నేను 2024 వేసవిలో వెళ్ళి డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలు చూసొచ్చాను. "అదేం చూడ్డమమ్మా!" అని నవ్వకండి. పొద్దున్న లేచింది మొదలు స్టవ్వుకీ, సింకుకీ, ఫ్రిజ్‌కీ మధ్య తిరిగే మనకి అక్కడ చూడవలసింది చాలా ఉంది. ఏ వస్తువు ఎక్కడుండాలి, ఏ పని పక్కన ఏ పని జరగాలి, బల్ల ఎంత ఎత్తుండాలి... వాళ్ళ తాపత్రయమంతా ఇదే. మన తాపత్రయమూ ఇదేగా!

మా అమ్మాయీ అల్లుడూ డెట్రాయిట్ శివార్లలో నోవై అనే ఊళ్ళో ఉంటారు. నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్... ఆ చుట్టుపక్కల ఎటు వెళ్ళినా తెలుగు వినపడుతుంది. 2025 జూలైలో తానా మహాసభలు జరిగింది కూడా నోవైలోనే. కార్ల కంపెనీలూ, వాటికి విడిభాగాలు చేసిచ్చే కంపెనీలూ అక్కడుండబట్టే మనవాళ్ళు అంతమంది ఆ చలిలో కాపురాలు పెట్టారు. అన్నట్టు, అమెరికాకి ఉత్తరాన కదా కెనడా ఉండేది? డెట్రాయిట్‌లో నది ఒడ్డున నిలబడితే మాత్రం కెనడా దక్షిణాన కనిపిస్తుంది!

మా అల్లుడిదీ అలాంటి ఉద్యోగమే. కొత్త ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు ఏ యంత్రం ఎక్కడుండాలో, సరుకు ఏ తలుపులోంచి వచ్చి ఏ తలుపులోంచి పోవాలో ముందే కాగితం మీద గీసి ఇవ్వాలి. దాన్ని లేఅవుట్ ప్లానింగ్ అంటారు. మనకి లేఅవుట్ అంటే ఇళ్ళస్థలాలే గుర్తొస్తాయి కాబట్టి అదేమిటని అడిగాను. "మీరు వంటింట్లో డబ్బాలు సర్దుకుంటారే, అదే అత్తయ్యా! కాకపోతే దానికి నాకు జీతమిస్తారు" అన్నాడు. జీతం సంగతి అతని నోటే వచ్చింది కాబట్టి నేనేం మాట్లాడలేదు.

ముందు అన్నిటికంటే పాతది చూడాలన్నాడు. ఊరి నడుమ పికెట్ అవెన్యూ అనే వీధిలో మూడంతస్తుల ఇటుకల మేడ అది. ఫోర్డ్ కంపెనీ 1904లో కట్టించింది. పొడవు 402 అడుగులు, వెడల్పు చూస్తే 56 అడుగులే. రైలుపెట్టెలాగా ఇదేం ఆకారమండీ అంటే, దానికీ కారణముంది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలకి పగటి వెలుగే ఆధారం. రెండువైపులా కిటికీలు పెట్టి, మధ్యలో నిలబడి పనిచేసేవాడికి కూడా వెలుతురు అందేలా సన్నగా కట్టేవారు. బట్టల మిల్లుల పద్ధతి అది. మొత్తం 355 కిటికీలట! వాటిని తుడిచేవాళ్ళ గతేమిటా అనుకున్నాను.

ఇప్పుడది మ్యూజియం. చెక్కనేల మీద నడుస్తుంటే కిర్రుకిర్రుమంటుంది. 'మోడల్ టి' అనే పేరున్న కారు 1908లో పుట్టిందిక్కడే. మూడో అంతస్తులో ఓ మూలగదిలో తలుపులేసుకుని రహస్యంగా దాని రూపం తేల్చారట. ఆ గదిని మళ్ళీ అలాగే కట్టి చూపిస్తున్నారు. కార్లు బోలెడున్నాయి గానీ నా దృష్టంతా పని జరిగిన తీరు మీదే ఉంది. ఆ రోజుల్లో కారు ఒకచోట నిలబడి ఉండేది. మనుషులే దాని చుట్టూ తిరిగేవారు. చక్రం కావాలంటే వెళ్ళి చక్రం తేవాలి, ఇరుసు కావాలంటే వెళ్ళి ఇరుసు తేవాలి. బిగించడానికి పట్టే కాలం కంటే తెచ్చుకోడానికి పట్టే కాలం ఎక్కువ. సోరెన్సన్ అని అక్కడ పనిచేసిన పెద్దమనిషి ఒకాయన, 1908లోనే ఓ కారు చట్రానికి తాడు కట్టి నేలమీద లాగించి, భాగాల్ని దారి పొడుగునా వరసగా పెట్టి చూశామని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అప్పటికి అది ప్రయోగంతోనే ఆగింది.

ఇదంతా నాకు వెంటనే అర్థమైపోయిందంటే దానికి మన ఆవకాయే కారణం. ఆవకాయ పెట్టే రోజు ఒక్కసారి తలుచుకోండి. ఒకమ్మాయి కాయలు కడుగుతుంది, ఇంకొకరు తడి లేకుండా తుడుస్తారు. కత్తిపీట దగ్గర బలమైన చెయ్యి ఒకటి. ఆ పక్కన ఇద్దరు కూచుని జీడి తీసి, పొర గీకి, ముక్క ముక్కనీ గుడ్డతో తుడుస్తారు. చివర పెద్దావిడ బేసిన్ ముందేసుకుని ఆవపిండీ కారమూ ఉప్పూ కలిపి, నూనెలో ముంచి జాడీకెత్తుతుంది. ఎవరూ కూచున్నచోటినుంచి లేవరు. నడిచేది మామిడికాయే! కత్తిపీట జోరుగా సాగితే ముక్కలు గుట్టపడిపోతాయి, తుడిచేవాళ్ళు అందుకోలేరు. అప్పుడు పెద్దావిడ ఓ చూపు చూసి, "కడగడం ఆపి నువ్వు ఇటు రావే" అంటుంది. సరిగ్గా ఈ సర్దుబాటునే లైన్ బ్యాలెన్సింగ్ అని ఇంజనీర్లు కాలేజీల్లో చదువుకుంటారట. పెద్దావిడకి ఏ కాలేజీ చెప్పింది?

పికెట్ మేడ చాలక ఫోర్డ్ వుడ్‌వర్డ్ అవెన్యూలో హైలాండ్ పార్క్ అనేచోట పెద్ద ఫ్యాక్టరీ కట్టించాడు. 1910 జనవరిలో తెరిచారు. గీసిన ఆర్కిటెక్టు ఆల్బర్ట్ కాన్. కాంక్రీటు స్తంభాల మీద నాలుగంతస్తులు నిలబెట్టి, గోడలకి బదులు అద్దాలు పెట్టాడు. జనం 'క్రిస్టల్ ప్యాలెస్' అన్నారు. మేం దాన్ని బయటినుంచే చూశాం. పక్కన ఓ దుకాణాల సముదాయానికి మోడల్ టి ప్లాజా అని పేరు పెట్టుకున్నారు. రోడ్డుపక్కన ఓ చరిత్ర ఫలకం ఉంది. అంతకుమించి హంగేమీ లేదు. కానీ ఈ ఊళ్ళో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఈ పాత గోడలే.

అంతకుముందు ఫ్యాక్టరీల్లో ఒకే రకం యంత్రాలన్నీ ఒకచోట ఉండేవి. తరిణె పట్టేవన్నీ ఒక గదిలో, బెజ్జాలు వేసేవన్నీ ఇంకో గదిలో, కొలిమి ఎక్కడో దూరాన. మన పాత ఇళ్ళలో రోలు పెరట్లో, తిరగలి వసారాలో, నుయ్యి ఆ చివర, సామాన్ల గది ఈ చివర ఉండేవి చూడండి, అలాగన్నమాట. ఒక్క ఇనపముక్క తయారవడానికి ఊరంతా తిరిగొచ్చేది. హైలాండ్ పార్క్‌లో ఆ పద్ధతి మార్చేశారు. యంత్రం రకాన్ని బట్టి కాదు, పని జరిగే వరసని బట్టి పెట్టారు. వరస మధ్యలో కాల్చవలసి వస్తే కొలిమినే తెచ్చి ఆ మధ్యలో పెట్టారు. ముడిసరుకుని పై అంతస్తులకెక్కించి, తయారవుతున్నకొద్దీ జారుడు తొట్టెల్లోంచి కిందికి దించేవారు. దిగడానికి ఖర్చేముంది, భూమే లాక్కుంటుంది!

ఇక ఎత్తు సంగతి వినండి. 1913లో కారుకి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో అనే భాగాన్ని ఒక మనిషి మొదటినుంచి చివరిదాకా చేస్తే సుమారు 20 నిమిషాలు పట్టేది. ఆ పనిని 29 ముక్కలు చేసి మనుషుల్ని వరసగా నిలబెడితే 13 నిమిషాల 10 సెకండ్లయింది. 1914లో ఆ వరసని 8 అంగుళాలు పైకి లేపారు. అంతే! వంగే పని తప్పింది, 7 నిమిషాలకి దిగింది. తర్వాత వేగం సరిచూసుకుని 5 నిమిషాలకి తెచ్చారు. కారు చట్రం కూర్పు కూడా దాదాపు పన్నెండున్నర గంటల పని కాస్తా 1914 వసంతానికల్లా 93 నిమిషాలైంది. అక్కడ రెండు వరసలు పెట్టారు. ఒకటి ఇరవయ్యారు ముప్పావు అంగుళాల ఎత్తు, ఇంకోటి ఇరవై నాలుగున్నర. పొడుగువాళ్ళ జట్టుకొకటి, పొట్టివాళ్ళ జట్టుకొకటి.

ఆ రెండంగుళాల చిల్లర తేడా విన్నప్పుడు నాకు చివుక్కుమంది. వందేళ్ళకి ముందే ఓ కార్ల కంపెనీవాడు కూలివాడి నడుం ఎత్తు కొలిపించాడే! మన ఇళ్ళు కట్టేటప్పుడు వంటగట్టు ఎత్తు ఎవరైనా మనల్ని నిలబెట్టి కొలిచారా? మేస్త్రీకి అలవాటైన ఎత్తేదో అదే మన ఎత్తు. అత్తగారు పొట్టి, కోడలు పొడుగు అయినా గట్టు ఒకటే.

అలాగని ఫోర్డ్ గారిని ఆకాశానికెత్తేయకండి. కొలిచింది నడుం నొప్పి చూడలేక కాదు, గడియారం చూసి. 850 డాలర్లున్న మోడల్ టి ధర 1920ల నడిమికి 300లోపుకి దిగింది, మామూలువాళ్ళు కూడా కారెక్కారు, నిజమే. కానీ ఆ వరసలో నిలబడ్డ మనిషి సంగతి? మిగిలిన నడకంతా అతనికి విశ్రాంతిగా వచ్చిందా? రాలేదు. రెండడుగులు నడిచి వస్తువు తెచ్చుకునేటప్పుడు పీల్చుకునే ఊపిరి కూడా పోయింది. రోజంతా అదే మర, అదే తిప్పు. 1913లో జనం ఎంత విసిగిపోయారంటే, 14,000 మందిని నిలబెట్టుకోడానికి ఆ ఏడాదిలో 52,000 మందికి పైగా కొత్తవాళ్ళని చేర్చుకోవలసి వచ్చింది. అప్పుడే 1914 జనవరి 5న కంపెనీ రోజుకి 5 డాలర్లు, 8 గంటల పని అని ప్రకటించింది. అంతకుముందు 9 గంటలకి రెండు డాలర్ల చిల్లర. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆడవాళ్ళకి మాత్రం మొదట ఆ జీతం లేదు. 1916లో గానీ వాళ్ళని చేర్చలేదు.

ఆ ప్రకటన వచ్చిన నెలలోనే ఓ కార్మికుడి భార్య హెన్రీ ఫోర్డ్‌కి ఉత్తరం రాసింది. పేరు పెట్టలేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది. నా మాటల్లో చెబుతాను. మీ గొలుసు పద్ధతి బానిసల్ని తోలేది, మా ఆయన ఇంటికొచ్చి పక్కమీద పడిపోతున్నాడు, రాత్రి అన్నం కూడా తినలేనంతగా అలిసిపోతున్నాడు, దీన్ని సరిచేసే దారే లేదా అని అడిగింది. 5 డాలర్లు మాకు పెద్ద వరమే, కానీ ఆ డబ్బుకి వాళ్ళు పడుతున్న కష్టం తక్కువది కాదని కూడా రాసింది.

ఫ్యాక్టరీ ప్లాను గీసినవాళ్ళెవరికీ కనిపించని చోటు ఆవిడకి కనిపించింది చూశారా? వండిపెట్టిన కంచం అలాగే ఉండిపోయిన బల్ల! వరస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాళ్ళు గీసుకున్నారు. అది ఆవిడ వంటింట్లో ముగుస్తోందని ఆవిడ రాస్తే తప్ప తెలీలేదు. పైగా ఆ 5 డాలర్లు చేతికి రావాలంటే కంపెనీవాళ్ళు ఇంటికొచ్చి చూసి వెళ్ళేవారు. ఇల్లు శుభ్రంగా ఉందా, ఇంటాయన తాగుతున్నాడా, డబ్బు దాస్తున్నారా అని. అంటే ఆయన జీతానికి ఈవిడ చీపురు కూడా పనిచేయాలన్నమాట.

మూడోది రూజ్. డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దగ్గర టిక్కెట్టు కొంటే బస్సులో తీసుకెళతారు. 1917లో కట్టడం మొదలుపెట్టి, మైలున్నర పొడవు, మైలు వెడల్పు చేశారు. ఓడల్లో ఇనపరాయి ఒకవైపు దిగేది, కారు ఇంకోవైపు నుంచి బయటికొచ్చేది. ఉక్కూ, అద్దాలూ, కరెంటూ కూడా అక్కడే. 1930లలో లక్షమందికి పైగా పనిచేసిన చోటు. 1927లో మోడల్ టి ఆగిపోయాక కార్ల కూర్పు ఇక్కడికే మార్చారు. హైలాండ్ పార్క్‌లో అంత మెచ్చుకున్న నాలుగంతస్తుల పద్ధతిని ఇక్కడ మానేశారు. స్థలం దండిగా ఉన్నప్పుడు పైకెక్కించడం, దించడం ఎందుకని అంతా ఒకే అంతస్తులో పరిచారు. ఊళ్ళో ఆర్ట్ మ్యూజియంలో డియెగో రివేరా 1932-33లో ఈ ఫ్యాక్టరీనే నాలుగు గోడల నిండా చిత్రించాడు. వీలుంటే అదీ చూడండి. ఆ బొమ్మల్లో యంత్రాల మధ్య మనుషులు ఎలా ఒంగి తోస్తున్నారో చూస్తే, ఆ ఉత్తరం రాసినావిడ మళ్ళీ గుర్తొస్తుంది.

ఇప్పుడక్కడ తయారయ్యేవి ఎఫ్-150 అనే ట్రక్కులు. పైన కట్టిన నడవాలో నడుస్తూ కింద జరిగే పనంతా చూడొచ్చు. నాకు నచ్చినవి రెండు. రంగు వేసుకుని బండి రాగానే ముందు దాని తలుపులు ఊడదీస్తారు. తలుపులు వేరే వరసలో పోయి, అద్దాలూ తాళాలూ బిగించుకుని, చివర్లో మళ్ళీ తమ బండికే వచ్చి చేరతాయి. గుత్తివంకాయకి మసాలా కూరడం పక్కన జరిగి తర్వాత మూకుడులోకి చేరినట్టు! తలుపుల్లేకపోతే లోపల పనిచేసేవాళ్ళకి అడ్డు తగలదు, చుట్టూ తిరిగి రానక్కర్లేదు. ఇంకోటి, బండిని మోసే కదిలే వేదిక. దాని పేరు స్కిల్లెట్. అంటే మన పెనమే! అది పనినిబట్టి పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. చక్రం పని వస్తే బండి పైకి లేస్తుంది, పైభాగం పని వస్తే కిందికి దిగుతుంది. మనిషి వంగడు, బండే వంగుతుంది. పనివాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఓ నడివయసావిడ వేదిక మీద బండితోబాటే సాగుతూ పనిచేస్తుంటే చూస్తూ నిలబడిపోయాను. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగింది.

ఇంటికొచ్చాక అల్లుడు వంటింటి ప్లాను కాగితం మీద గీశాడు. "అత్తయ్యా, మీరు ఉప్మా చెయ్యండి, నేను గీతలు గీస్తా" అన్నాడు. నేను ఎటు నడిస్తే అటు పెన్సిలు. ఫ్యాక్టరీల్లో దీన్ని స్పగెటీ బొమ్మ అంటారట. మన భాషలో సేమ్యా బొమ్మ అనుకోండి. ఉప్మా దిగేసరికి కాగితం నిండా సేమ్యాయే. పోపుల డబ్బా స్టవ్వుకి ఎదురుగోడ అలమరలో, కరివేపాకు ఫ్రిజ్‌లో, కత్తి ఒకచోట, కోసే బల్ల ఇంకోచోట. ఫ్రిజ్ దగ్గరికే ఏడుసార్లు వెళ్ళానట. మీరూ ఓ పూట పిల్లల చేత గీయించి చూడండి. గీతలు ఎక్కడ దట్టంగా పడితే అక్కడి వస్తువులు దగ్గరికి జరగాలన్నమాట.

అతని దగ్గర ఇంకో చిట్కా ఉంది. రిచర్డ్ మ్యూథర్ అనే ఆయన 1961లో పుస్తకంగా వేసిన పద్ధతి. ఏ రెండు పనులు ఎంత దగ్గరుండాలో ఇంగ్లీషు అచ్చుల్లో రాస్తారు. తప్పనిసరిగా పక్కపక్కనుండాలంటే ఎ, ఆ తర్వాత ఇ, ఐ, ఓ, దూరమున్నా పరవాలేదంటే యు. ఒకదాని పక్కన ఒకటి ఉండనే కూడదంటే ఎక్స్. మా వంటింటికి నేనూ అమ్మాయీ కూచుని రాశాం. స్టవ్వుకీ పోపులడబ్బాకీ ఎ. సింకుకీ ఎసరు గిన్నెల అలమరకీ ఎ. బియ్యం డబ్బాకీ స్టవ్వుకీ ఐ చాలు, రోజుకి రెండుసార్లేగా. చెత్తబుట్టకీ దేవుడి మందిరానికీ ఎక్స్! దానికి అల్లుడు కూడా ఎదురు చెప్పలేదు.

ఈ ఫ్యాక్టరీ కళ్ళతో వంటింటిని చూసినావిడ అమెరికాలోనే ఒకరుండేవారు, లిలియన్ గిల్‌బ్రెత్. పన్నెండుమంది పిల్లల్ని కన్న తల్లి, పేరున్న ఇంజనీరు. కాలితో నొక్కితే మూత లేచే చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపు లోపలి అరలు ఆవిడ చలవేనంటారు. ఆవిడ వంట మాత్రం అంతంతమాత్రమట, ఇంట్లో ఆ పని వేరేవాళ్ళు చూసేవారట. వంట రానావిడ మనకి వంటిల్లు సర్దిపెట్టిందా అని నవ్వుకున్నాను గానీ, ఆవిడ చెప్పిన ఓ మాట మాత్రం కాదనలేం. గట్టు ఎత్తు ఇంట్లో వండే మనిషిని బట్టి ఉండాలి.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు కాస్త వినండి. చెప్పులతో ఎలా నిలబడతారో అలాగే నిలబడి మోచెయ్యి వంచండి. మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందుగా గట్టు ఉండాలి. స్టవ్వు దగ్గర ఇంకాస్త దిగినా మంచిదే, గిన్నె ఎత్తు కలుస్తుంది కదా. స్టవ్వు, సింకు, ఫ్రిజ్ ఒకదానికొకటి నాలుగడుగులకి తగ్గకుండా, తొమ్మిదడుగులు దాటకుండా చూసుకోండి. మేస్త్రీ "అందరికీ ఇంతే పెడతామమ్మా" అంటాడు. టేపు మీరే పట్టుకోండి.

మా అమ్మాయి ఇంట్లో గట్టు కదలదు కాబట్టి వస్తువులే మార్చాం. రెండురోజులు పోపులడబ్బా కోసం పాత అలమర వైపే చెయ్యి పోయింది, మూడోరోజుకి కుదిరింది. పొద్దున్న పనిలో పావుగంట మిగిలింది. "ఇంకేం, ఆ టైములో దోశెలు కూడా వేసేయొచ్చు" అన్నాడు అల్లుడు. మా అమ్మాయి కాఫీ కప్పు తీసుకుని వరండాలోకి వెళ్ళి కూచుంది. దోశెలు ఆ పూట అతనే వేశాడు. ఒకటి రెండు మాడాయి.

మీ పిల్లలు అటువైపు ఉంటే ఓ రెండురోజులు వీటికి పెట్టుకోండి. పికెట్ మ్యూజియంకి సగం పూట చాలు. రూజ్‌కి పూటంతా పడుతుంది, నడవా పొడవు మైలులో మూడోవంతు ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెత్తటి బూట్లు వేసుకోండి. సెలవురోజుల్లో పని ఆగితే నడవా మీదినుంచి ఖాళీ వరసలే కనిపిస్తాయి, టిక్కెట్టు కొనేముందు ఆ రోజు పని ఉందో లేదో కనుక్కోండి. హైలాండ్ పార్క్‌కి టిక్కెట్టు లేదు. కారు ఓ పక్కన ఆపి, ఫలకం దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు.